నక్క వైద్యం, నీలి నెత్తురు

ఇది అక్షరాలా జరిగింది. ఇందులో ఆవగింజంత అబద్ధం ఉంటే గోదారి వెనక్కి పారుగాక, సముద్రంలో ఉప్పు తరిగిపోవుగాక, చెప్పిన నాలిక తాటిమట్టలా ఎండిపోవుగాక! ఇప్పటిదాకా ఈ మూడింట్లో ఒక్కటీ జరగలేదు. కాబట్టి ఇక నోరు మూసుకుని వినడమే మర్యాద.

గోదారి సముద్రంలో కలిసే చోట మడ అడవి ఉంది కదా. ఆ అడవి మీద ఒక ఏడు తుఫాను విరుచుకుపడింది. తొమ్మిది పగళ్ళూ రాత్రుళ్ళూ ఏకబిగిన కొట్టింది. పీతల్ని డొప్పల్లోంచి ఊడబెరికి, డొప్పల్ని ఒక ఊళ్ళోనూ పీతల్ని ఇంకో ఊళ్ళోనూ పారేసింది. ఒక తాటిచెట్టయితే వేళ్ళతో సహా లేచి, ఏరు దాటి, అవతలి గట్టున నిలబడి ఇప్పటికీ కాపు కాస్తోంది.

పదో నాడు గాలి ఆగింది. ఆగాక వచ్చిన నిశ్శబ్దం ముందు తుఫానే నయమనిపించింది. పిట్ట కూయలేదు, ఈగ వాలలేదు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే మడచెట్ల ఊపిరివేళ్ళు, కింద ఎవరినో పాతిపెడితే వాళ్ళు చేతులెత్తినట్టు, వేలకి వేలు నిలబడి ఉన్నాయి. పైన ఎండ. కోడి కడుపులోని గుడ్డు కడుపులోనే ఉడికేంత ఎండ.

దెబ్బ తగలని జంతువు ఆ అడవిలో లేదు. ఒకరికి కాలు చీరుకుపోయింది, ఒకరికి డొక్క చిరిగింది. ఊరంతా ఏడుస్తుంటే కాటికాపరి ముగ్గు వేసుకున్నాడట. అలాగ ఆ ఏడుపుల మధ్యలో ఒక్కడే కులాసాగా తయారయ్యాడు. వాడు గుంటనక్క. పేరు చిట్కాల రాయుడు. ఆ వేళ నుంచీ వైద్యుడు.

రాయుడి వైద్యశాల ఒక పగిలిన నాటుపడవ. తుఫాను దాన్ని ఎక్కణ్ణించో ఎత్తుకొచ్చి బురద ఒడ్డున ఒరగబెట్టింది. అందులో సగానికి వాననీళ్ళు నిలిచాయి. పడవకి పూసిన తారు మీద ఎండ పడి, ఆ నీళ్ళు మిట్టమధ్యాహ్నానికి రసంలా తెర్లేవి. సాయంత్రానికి చల్లారి అద్దంలా మెరిసేవి. వాసన లేదు, నాచు లేదు, ఒక్క దోమపిల్లయినా ఈదేది కాదు.

"కాగిన నీళ్ళర్రా! పురుగన్నది బతికితే ఒట్టు!" అని అరిచేవాడు రాయుడు. ఏదుపంది విదిల్చి పోయిన ముల్లొకటి దొరికింది వాడికి. లోపల బోలుగా ఉండే ముల్లు. దాంతో పడవలోని నీళ్ళు పీల్చి, గాయంలోకి లోతుగా గుచ్చి, లోపలికి ఊదేవాడు. అదీ వైద్యం.

ఎవరైనా అనుమానంగా చూస్తే ఒకటే చేసేవాడు. పడవలో మూతి పెట్టి గటగటా తాగేసి, మూతి నాక్కుని, "చూశారా? నేనే తాగుతున్నాను. ఇంకా అనుమానమా?" అనేవాడు. తాగినవాడు నిక్షేపంలా ఉంటే ఇక ఎవరేం అంటారు?

పొద్దున్న వైద్యం. మధ్యాహ్నానికి వణుకు. ఎండలో పడుకుని కూడా పళ్ళు టకటకలాడేలా వణుకు. సాయంత్రానికి శ్మశానం. ఆ శ్మశానం కూడా రాయుడి కడుపులోనే.

"మందు నాది, ఆయుష్షు పైనున్న ఆ తల్లిది" అని నిట్టూర్చేవాడు, పళ్ళ సందుల్లో వెంట్రుకలు తీసుకుంటూ. వారం తిరక్కుండా డోలులా నిగనిగలాడాడు.

అటువంటి వైద్యశాలకి మచ్చాలు తన కూనని నోట కరుచుకుని వచ్చింది. మచ్చాలంటే బావురుపిల్లి. నీళ్ళలో దూకి చేపలు పట్టే జాతి. ఆవిడ కడుపుతో ఉన్నన్నాళ్ళూ పులసచేప కావాలని కలవరించి, దొరక్క, పుట్టిన కొడుక్కి పులస అని పేరు పెట్టుకుంది. ఒక్కగానొక్క కొడుకు. వాడి వెనక్కాలు ఆలిచిప్ప గీరుకుని ఎముకదాకా తెగింది. లోపల చిప్పముక్క, ఇసక. కాలు కుండలా వాచింది.

పడవ దగ్గర వరస ఉంది. ముందు కోరలయ్య అనే అడవిపంది. పక్కనే ఒంటికాలి మీద కొక్కిరాయి. దానికి జబ్బేమీ లేదు, కబుర్ల కోసం వచ్చింది.

"ఏమ్మా మచ్చాలూ, నువ్వూ వచ్చావా? మొన్న దుప్పి వచ్చింది పాపం. నిన్న కుందేలూ పెళ్ళామూ వచ్చారు."

"ఎలా ఉన్నారు వదినా వాళ్ళు?"

"ఎక్కడున్నారని?" అని కొక్కిరాయి రాయుడి పొట్టకేసి చూసి, గొంతు తగ్గించింది. "కానీ నీళ్ళు మంచివేనమ్మా. ఆయనే తాగుతున్నాడు కదా."

కోరలయ్య వంతు వచ్చింది. రాయుడు గుచ్చాడు, ఊదాడు. కోరలయ్య "హాయిగా ఉంది" అంటూ నాలుగడుగులు వేసి నీడలో పడుకున్నాడు. కాసేపటికి ఆయన వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒళ్ళు అదిరింది. ఆనుకున్న పడవ చెక్కలు కూడా ఆయనతో పాటు గడగడలాడాయి.

"ఎవరో వచ్చారు," అన్నాడు కోరలయ్య కళ్ళు తేలేసి. "నా లోపలికి ఎవరో వచ్చారర్రా. చాలామంది ఉన్నారు."

"జ్వరంలో అలాగే మాట్లాడతారు" అన్నాడు రాయుడు నోరూరించుకుంటూ. "ఊఁ, తర్వాత? కోడలా, పిల్లాణ్ణి ఇలా పడుకోబెట్టు. నీడ కాస్త ఇటు తిరగనీ, మొదలెడదాం."

మచ్చాలు కూనని పడవ పక్కన పడుకోబెట్టింది. "ఒక్క చేపయినా తెచ్చి పెడతాను మావా, నీరసంగా ఉన్నాడు" అని సాకు చెప్పి బురద మీదకి దిగింది. చేప కోసం కాదు. ఆ పంది మాట చెవిలోంచి పోక.

ఆటుపోట్లలో అది ఆటు వేళ. సముద్రం ఎక్కడికో వెళ్ళిపోయింది. కనుచూపుమేర బురద, దాని మీద ఎండ. బురద బుడబుడమని తనలో తాను మాట్లాడుకుంటోంది. యాభై అడుగులు వేసిందో లేదో, కాళ్ళ కింద నుంచి ఒక గొంతు వినబడింది. పాతిపెట్టిన కుండలో నుంచి మాట్లాడినట్టుంది.

"ఆ పిల్లాడి కాల్లో ఆ నీళ్ళు పోయించకు."

మచ్చాలు వీపు విల్లయింది. చూస్తే వెల్లకిలా పడి ఉంది ఒక నాడాపీత. గుర్రం కాలికి కొట్టే ఇనప నాడా ఆకారంలో డొప్ప, వెనక బరిసెలాంటి తోక. దాని కాళ్ళు గాలిలో మెల్లిగా ఆడుతున్నాయి, కనబడని మగ్గం నేస్తున్నట్టు. ఎండకి మొప్పలు ఆరిపోతున్నాయి.

"ఎవరు మామ్మా నువ్వు?"

"తర్వాత చెబుతాను. ముందు నన్ను బోర్లా తిప్పు. తోక పట్టుకు లాగకేం, అది ఊడితే మళ్ళీ రాదు. డొప్ప అంచు పట్టుకో."

తిప్పింది మచ్చాలు. నాడామామ్మ డొప్ప మీద ఇక్కడొకటి అక్కడొకటి కళ్ళు తెరుచుకున్నాయి. మచ్చాలు లెక్కపెట్టడం మొదలెట్టి, పది దగ్గర భయమేసి మానేసింది.

"ఆ నీళ్ళకేమైంది మామ్మా? కాగిన నీళ్ళు. పురుగు లేదు. చచ్చిపోయింది."

"చచ్చింది. ఒప్పుకున్నాను," అంది మామ్మ. "శవం ఏమైంది?"

మచ్చాలు వెనక్కి తిరిగి పడవకేసి చూసింది.

"కంటికి కనపడని పురుగులమ్మా అవి. ఒక్కొక్కటీ ఒంటినిండా విషం చొక్కా తొడుక్కుని తిరుగుతుంది. ఎండకి పురుగు చస్తుంది. చొక్కా చావదు. ఆ పడవలో లక్షలకి లక్షలు విడిచిన చొక్కాలు తేలుతున్నాయి. కడుపుకి కాపలా ఉంది కాబట్టి తాగితే ఏమీ కాదు, అందులోనూ కుళ్ళు తినే నక్క కడుపు. నెత్తుటికి తలుపూ లేదు, కాపలా లేదు. అక్కడికి వెళ్ళాయా, ఒళ్ళంతా శత్రువొచ్చాడని గంటలు కొట్టుకుంటుంది. ఆ గంటలే వణుకు. ఆ గంటలే చంపుతాయి."

"నీకెలా తెలుసు ఇదంతా?"

మామ్మ తల డొప్పకీ వెనక డొప్పకీ మధ్య మడత చూపించింది. అక్కడ సూది మోపినంత మచ్చ ఉంది.

"అవతలి తీరాన మనుషుల ఇల్లొకటి ఉంది. లోపల చలి, గోడలు తెలుపు, మనుషులు తెలుపు, మాట్లాడరు. మమ్మల్ని బల్లల మీద వరసగా కట్టి, ఇదిగో ఇక్కడ సూది దించి, కింద సీసాలు పెడతారు. మా నెత్తురు నీలం కదా. టప్పు... టప్పు... ఆ గదిలో వినబడేది అదొక్కటే. మూడో వంతు తీసుకుని మళ్ళీ సముద్రంలో వదిలేస్తారు. వదిలినవాళ్ళలో కొందరు ఈదుకుపోతారు. కొందరు ఈదరు."

"ఎందుకా పాడు పని?"

"తిట్టకు. వాళ్ళకీ పిల్లలున్నారు. పిల్లల ఒంట్లోకి సూదిమందు పంపించే ముందు మా నెత్తుర్ని అడుగుతారు, ఇందులో చచ్చినవాళ్ళు ఉన్నారా అని. ఉంటే మా నెత్తురు గడ్డకట్టేస్తుంది. మా ఒంట్లో వైద్యం అదొక్కటే తల్లీ, ఎవరు దూరినా చుట్టూ గోడ కట్టేయడం. ఇప్పుడు మా నెత్తురు అక్కర్లేకుండా అదే పని చేసే సరుకేదో వాళ్ళే తయారు చేసుకుంటున్నారట. అది బాగా కుదిరితే మా మనవరాళ్ళకి ఆ బల్ల తప్పుతుంది. నమ్మకం లేకపోతే ఒక చిప్పలో ఆ పడవ నీళ్ళు పట్రా."

మచ్చాలు పిల్లి నడక నడిచింది. రాయుడు కోరలయ్య పక్కన కూర్చుని ఆయన ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు. వెనకనుంచి ఒక ఆలిచిప్పలో నీళ్ళు ముంచుకుని వచ్చేసింది.

నాడామామ్మ మడత విప్పింది. పాత మచ్చలోంచి ఒక్క చుక్క జారింది. ఆకాశం కరిగి కారితే అలా ఉంటుంది. నీళ్ళలో పడి మేఘంలా విచ్చుకుంది. అద్దంలాంటి నీళ్ళు చూస్తుండగానే మసకబారాయి, చిక్కబడ్డాయి.

"తిరగేయి" అంది మామ్మ.

మచ్చాలు చిప్ప బోర్లించింది. చుక్క కారలేదు. లోపల జున్నులా పేరుకుని, నీలంగా, చిన్నగా అదురుతోంది.

"అమ్మో!"

"విను," అంది మామ్మ. "చెవి దగ్గర పెట్టుకుని విను. తాము చచ్చిపోయామని వాళ్ళకి ఇంకా తెలీదు."

మచ్చాలు చెవి దగ్గర పెట్టుకుంది. ఏం వినబడిందో ఆవిడ జన్మలో ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ చెవి కొనన వెంట్రుకలు ఆ క్షణం తెల్లబడ్డాయి. ఆవిడ మునిమనవలకి కూడా ఆ చెవి తెలుపే.

"మరి నా పిల్లాడి కాలు? కడక్కపోతే లోపల కుళ్ళిపోతుంది. దేంతో కడగను?"

"వెతుకు. నేను చూసిపెడతాను. ఎన్ని చుక్కలుంటే అన్ని."

ఏటి నీళ్ళు తెచ్చింది. గడ్డకట్టింది. ఇసకలో చెలమ తవ్వి, ఊరిన తియ్యనీళ్ళు తెచ్చింది. అదీ గడ్డకట్టింది. మామ్మ కాళ్ళ మగ్గం నెమ్మదించింది. పది కళ్ళలో మూడు మూసుకున్నాయి.

"మామ్మా, ఇక వద్దు. నువ్వు పోతావు."

"పోతే నలభై కోట్ల ఏళ్ళ వంశం నాతోనే ఆగిపోదులే. ఎవరూ తాకని నీళ్ళు కావాలి. భూమి తాకనివి, గాలి తాకనివి. ఆలోచించు, పిల్లివి కదా, ఎక్కనిచోటు ఉందా నీకు?"

ఎక్కడం అనగానే మచ్చాలుకి తట్టింది. తుఫానుకి తల విరిగి వాలిపోయిన కొబ్బరిచెట్టు ఒకటి గట్టున ఉంది. ఒకే గెల మిగిలి ఉంది దానికి. నాలుగంగల్లో ఎక్కి, చెక్కుచెదరని బొండాలు రెండు కొరికి దొర్లించింది. ఒకదాన్ని కన్ను దగ్గర కోరతో పొడిచి, వేరే చిప్పలోకి నాలుగు చుక్కలు వంచింది.

మామ్మ చుక్క పడింది. నీలంగా సుడి తిరిగింది. మచ్చాలు చిప్ప తిరగేసింది.

జారిపోయింది. నీలంనీళ్ళు గలగలమని బురదలోకి జారిపోయాయి.

"ఇందులో ఎవరూ లేరు" అంది నాడామామ్మ.

సరిగ్గా అప్పుడే పడవ వైపు నుంచి సన్నగా వినబడింది. "అమ్మా!"

పులస గొంతు అది.

మచ్చాలు మామ్మ డొప్ప అంచు కరుచుకుంది. రెండో బొండాన్ని ముందరికాళ్ళతో తన్నుకుంటూ పరుగెత్తింది. ఆ పరుగుకి బురద మీద పడ్డ గాడి తర్వాత ఏడేళ్ళు పాయగా పారింది. పడవ దగ్గర కూన వెల్లకిలా ఉన్నాడు. రాయుడు ఒక చేత్తో వాడి గుండెమీద అదిమిపెట్టి, రెండో చేత నీళ్ళు నింపిన ఏదుముల్లు ఎత్తాడు. చుట్టూ గాయాల జంతువులన్నీ మెడలు సాచి చూస్తున్నాయి.

"ఆగు మావా!"

"నీడ తిరిగిపోయింది కోడలా. నీకోసం ఆగితే ముహూర్తం ఆగుతుందా?"

మీద పడి గొంతు కొరుకుదామా అనిపించింది మచ్చాలుకి. కానీ ముల్లు మొన కూన కాలికి గడ్డిపరక దూరంలో ఉంది. కోపం చూపించే వేళ కాదు. మామ్మని కింద పెట్టి, ఒళ్ళు వంచి, తోక ముడిచి, తేనె పూసిన గొంతుతో అంది.

"అయ్యో, చేయొద్దని కాదు మావా. ఇదిగో ఈ ముసల్ది, నీ నీళ్ళలో చచ్చినవాళ్ళు ఉన్నారంటోంది. నేను నమ్ముతానా? నువ్వు పూటకోసారి తాగుతావు కదా."

"పిచ్చిముండ!" రాయుడు నవ్వాడు. "నీలం నెత్తురు, ఎర్ర అబద్ధాలు. చచ్చినవాళ్ళకి భయపడితే నక్క జాతి మొదటి రోజే ఆకలితో పోయేది. చచ్చినవాళ్ళు చాలా మంచివాళ్ళే కోడలా. ఎదురు తిరగరు, కరవరు."

"అదే నేనూ అన్నాను. కాకపోతే ఈ కొక్కిరాయి వదిన ఉంది చూడు, రేపు అడవంతా చాటుతుంది, మచ్చాలు అడగనైనా లేదే అని. దీని నోరు మూయించడానికి ఒక్కసారి, నువ్వు తాగే నీళ్ళే, ఆ ముల్లుతోనే, నీ తొడలో వేసుకో. నా కొడుకు కాలు నేనే పట్టుకుని నీ ముందు పెడతాను."

రాయుడి చెవులు వెనక్కి వాలాయి.

"ఒళ్ళు బాగున్నవాడు మందు వేసుకుంటాడా, తెలివితక్కువదానా?"

"మరి ఒళ్ళు బాగున్నవాడివి పూటకోసారి తాగడం ఎందుకు మావా?"

కొక్కిరాయి కిసుక్కుమంది. తొడ చిరిగిన దుమ్ములగొండి "అదీ నిజమే" అంది. కాలు విరిగిన మనుబోతు ముందుకి జరిగాడు. నీడలో నుంచి, గొంతు పెగుల్చుకుని, కోరలయ్య కూడా అన్నాడు. "వేసుకో... రాయుడూ. నాకు తోడు."

నక్కకి బుర్ర పాదరసం. తన నీళ్ళు తగిలినవాళ్ళు ఏమవుతారో అందరికన్నా బాగా తెలిసినవాడు వాడే. కారణం తెలీదు, అక్కర్లేదు కూడా. సాయంత్రం భోజనం తెలిస్తే చాలు. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఆ భోజనం పోతుంది. ముందుకెళ్తే ప్రాణం పోతుంది. మధ్యలో సందు వెతకడం నక్కకి పుట్టుకతో వచ్చిన విద్య.

"అలాగే!" అని గర్జించాడు. కూనని వదిలి, పడవ మీదకి వంగాడు. ముల్లులో ఉన్న నీళ్ళు మూతి చాటున గుటకవేసేశాడు. ముల్లుని ఎండకేసి ఒకసారి విదిలించి, పొడిగా చేసుకున్నాడు. బుగ్గలు పూరించి, పీల్చినట్టు నటించాడు. ఉత్త ముల్లు. అందరికీ కనబడేలా ఎత్తి, తన తొడలో కసుక్కున గుచ్చుకుని, ఉఫ్ మని ఊది, "అబ్బ, ఏం హాయి!" అన్నాడు.

జంతువులన్నీ చప్పట్లు కొట్టినంత పని చేశాయి. ఇచ్చిన మాట మీద నిలబడాలి. ఆవిడ కూన వైపు అడుగు వేయబోతుంటే, నాడామామ్మ తోక ఆవిడ కాలికి అడ్డం వచ్చింది.

"నేను చూశాను," అంది మామ్మ, ఆవిడకి మాత్రమే వినబడేలా. "ఇంకా ఏడు కళ్ళు తెరిచే ఉన్నాయి. ఉత్త ముల్లే గుచ్చుకున్నాడు."

"అయితే నా కొడుకు..."

"కాసేపు ఆగు. ముల్లులో నీళ్ళు లేవు గానీ, ఎవరూ లేరని ఎవరన్నారు? ఆ ముల్లు ఎంతమందిలో గుచ్చాడు, ఎన్నిసార్లు ఎండబెట్టాడు! నీళ్ళు ఆరిపోతాయి తల్లీ. వాళ్ళు ఆరిపోరు. లోపలి గోడలకి అతుక్కుని కూర్చుంటారు, తలుపు ఎప్పుడు తెరుస్తారా అని."

మచ్చాలు ఆగింది. "మావా, చేతులు కడుక్కుని వస్తాను" అంది. "కూనకి కాస్త చేప నంజుడు పెట్టి వస్తాను" అంది. "శకునం చూసి వస్తాను" అంది. రాయుడు ఆవలించి, "కానీ, కానీ" అన్నాడు. నీడ ఒక జానెడు జరిగింది.

అప్పుడు రాయుడి ఎడమ మీసం అదిరింది.

వాడు దాన్ని పంజాతో పట్టుకున్నాడు. కుడిది అదిరింది. మండుటెండలో, తారు కరిగే పడవ పక్కన నిలబడి, "ఎందుకర్రా ఇంత చలి?" అన్నాడు. పళ్ళు టకటకమన్నాయి. మూసుకుందామంటే మూసుకోలేదు నోరు.

"ఎవరూ?" అన్నాడు ఉన్నట్టుండి, వెనక్కి తిరిగి. వెనక ఎవరూ లేరు. "ఎవరు మీరు?" అన్నాడు, తన పొట్టకేసి చూసుకుని.

"నువ్వు చంపినవాళ్ళు," అంది నాడామామ్మ. "చచ్చినవాళ్ళు కరవరన్నావు కదా నాయనా."

"ఉత్త ముల్లే కదే నేను గుచ్చుకుంది!" అని గొల్లుమన్నాడు రాయుడు.

అన్నాక నాలిక కరుచుకున్నాడు. కానీ మాటా పాదరసమూ కింద పడితే ఎత్తలేం. అడవంతా విన్నది. ఉత్త ముల్లు ఎందుకు గుచ్చుకున్నాడో ఒక్కొక్కరికీ మెల్లిగా అర్థమైంది. దుప్పి, కుందేలు, కుందేలు పెళ్ళాం, అందరూ గుర్తొచ్చారు. ఒక్కరూ అరవలేదు. కొట్టలేదు. కుంటుకుంటూ వచ్చి వాడి చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు. రోజూ వాడెలా కూర్చుని చూసేవాడో, అచ్చం అలాగే కూర్చుని చూడసాగారు.

మచ్చాలు అటు చూడలేదు. బొండం కన్ను పొడిచి వంచింది. కూన కాల్లో ఆ చల్లని నీళ్ళు ధారగా పోసింది. ఇసక వచ్చింది, చీము వచ్చింది, ఆఖరికి ఆలిచిప్ప ముక్క ఠప్పున రాలింది. పులస ఏడ్చి, ఏడ్చి, వణక్కుండా నిద్రపోయాడు.

"మాకూ" అన్నాడు మనుబోతు దీనంగా.

"గెలలో ఉన్నాయి," అంది నాడామామ్మ. మాట సన్నబడిపోయింది. "చెక్కుచెదరని కాయలే. పగిలింది ముట్టుకోకండి. ఇక అడిగి చెప్పడానికి నా దగ్గర చుక్కలు లేవు."

పోటు వచ్చింది. బురద మీద నీళ్ళు చప్పుడు లేకుండా పాకుతూ వచ్చాయి. మచ్చాలు మామ్మని డొప్ప అంచున పట్టుకుని నడుములోతుకి వెళ్ళి వదిలింది.

"ఈదగలవా మామ్మా?"

"వదిలినవాళ్ళలో కొందరు ఈదుతారని చెప్పానుగా" అంది మామ్మ. అడుగున ఇసకలో తోక ఒక గీత గీసుకుంటూ పోయింది. ఆ గీత లోతుల్లోకి దిగిపోయింది. మచ్చాలు చూస్తూ చాలాసేపు నిలబడింది. గీత వంకర్లు పోయింది గానీ, కనబడినంత మేరా ఎక్కడా ఆగలేదు.

మర్నాడు ఎండెక్కే వేళకి పులస కళ్ళు తెరిచి, "చేపేది? నిన్న తెస్తానని వెళ్ళావుగా" అని తల్లిని నిలదీశాడు. ఆవిడ ఆనందంతో వాడి ముక్కు మీద ఒక్కటి పీకింది.

కోరలయ్యకి మాత్రం ఏ నీళ్ళూ పనికిరాలేదు. ఆయన వెళ్ళిపోయాడు. కానీ నక్క నోట పడకుండా వెళ్ళిపోయాడు. అందరూ కలిసి గట్టు మీద గొయ్యి తీశారు.

రాయుడో? వాడు చావలేదంటారు. చావనివ్వరంటారు. వాడి లోపలివాళ్ళకి ఉండడానికి ఇల్లు కావాలి కదా మరి. చిక్కి శల్యమై మడవేళ్ళ మధ్యన దూరాడు. ఏ జంతువుకి దెబ్బ తగిలినా ఆ చుట్టుపక్కలకి రాడు. దాహమేస్తే నీటి అంచుదాకా వచ్చి, మూతి పెట్టబోయి, తన నీడ పక్కన ఇంకెన్నో నీడలు కనబడి వెనక్కి పారిపోతాడు. "జరగండి, జరగండి, చోటు లేదు" అని తనలో తనే ఎవరితోనో గొణుక్కుంటూ ఉంటాడు. కాకి కూడా వాడి మీద వాలదు.

అందుకే అన్నారు: చచ్చినదంతా పోయినట్టు కాదు, తేటగా ఉన్నదంతా మంచినీరు కాదు.

అయిపోయింది, లే. గుడ్లు మిటకరించి ఏం చూస్తావు? వినీ వినీ నా చుట్ట ఆరిపోయిందని కూడా చెప్పవేం! ఆ పక్క చావిట్లో వీరమ్మ పొయ్యి ఇంకా మండుతూనే ఉంటుంది, పోయి ఒక నిప్పుకణిక పట్రా. దారిలో ఎవరైనా పళ్ళు టకటకలాడించుకుంటూ "జరగండి" అంటే, మారుమాట్లాడకుండా జరుగు.